పంప్డ్ స్టోరేజిలో పూడిక లెక్క: సీమ కొండల మీద డిజైన్ చేసేవారికి

శ్రీశైలం జలాశయం కట్టినప్పుడు 308 టీఎంసీల నీళ్లు పట్టేది. ఇప్పుడు లెక్కల్లో వాడే అంకె 215.8. తుంగభద్ర డ్యామ్ సామర్థ్యం మొదట్లో 132 టీఎంసీల పైచిలుకు. 2016 సర్వేలో 105.788గా తేలింది. కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో నీళ్ల సంగతి మాట్లాడే ప్రతివాళ్లకూ ఈ పూడిక కథ తెలుసు. అందుకే పంప్డ్ స్టోరేజి (ఎగువ, దిగువ జలాశయాల మధ్య నీళ్లను తిప్పి కరెంటు దాచుకునే పద్ధతి) మాట రాగానే ఊళ్లో పెద్దవాళ్ల దగ్గర్నుంచి కుర్ర ఇంజినీర్ల దాకా అడిగేది ఒకటే: "ఇది ఎన్నేళ్లకు పూడిపోతుంది సార్?"

సాగునీటి డ్యామ్‌కు అది సరైన ప్రశ్నే. పంప్డ్ స్టోరేజికి అంతకంటే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఇంకొకటుంది. నీళ్లలో తేలే రేణువు ఏడాదికి ఎన్నిసార్లు యంత్రంలోంచి పోతుంది?

మామూలు జలవిద్యుత్ కేంద్రంలో రేణువు ఒక్కసారి టర్బైన్ దాటి ఏటిపాలవుతుంది. ఇక్కడ పగలు సోలార్ కరెంటుతో నీళ్లు పైకెక్కుతాయి, సాయంత్రం దీపాల వేళకు కిందికి దిగుతాయి. అడుక్కి చేరని రేణువు రోజూ రెండుసార్లు అదే రన్నర్‌ను (యంత్రంలో తిరిగే చక్రాన్ని) రాసుకుంటూ పోతుంది. కింద చెప్పే పనులన్నీ ఈ ఒక్క సంగతి నుంచి పుట్టినవే.

మొదటి పని: నీళ్లు వచ్చే దారి గీయండి

డ్రాయింగ్ మొదలుపెట్టకముందే ఒక కాగితం మీద నీటి చుక్క ప్రయాణాన్ని గీయండి. పిన్నాపురం పంప్డ్ స్టోరేజి కేంద్రాన్నే తీసుకోండి. పాత కర్నూలు జిల్లా, ఇప్పటి నంద్యాల జిల్లా. రెండు జలాశయాలూ నదికి దూరంగానే ఉన్నాయి. నింపే నీళ్లు గోరకల్లు జలాశయం నుంచి. గోరకల్లుకు ఆ నీళ్లు శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు, బనకచెర్ల మీదుగా కాలువలో వస్తాయి. అంటే ముతక ఇసుక శ్రీశైలంలోనే దిగిపోయింది. మిగిలిన దాంట్లో కొంత గోరకల్లులో దిగింది. మీ చేతికి అందేది సన్నటి ఒండ్రు.

గండికోట సంగతి వేరు. 26.85 టీఎంసీల జలాశయం పెన్న మీదే ఉంది. చిత్రావతి కూడా ఎగువనే కలుస్తుంది. అనంతపురం గ్రానైటు నేలల మీదుగా వచ్చే ఈ ఏళ్లు ఏడాదిలో చాలా నెలలు ఇసుకమేటలై పడుంటాయి. ఒక్క రాత్రి వానకు ఒడ్లు తెంచుకుని పారతాయి. ఇదే జలాశయానికి గాలేరు–నగరి కాలువలో అవుకు మీదుగా కృష్ణ నీళ్లూ వస్తాయి. ఒకే గిన్నెలో రెండు స్వభావాల నీళ్లు. పూడిక నమూనా తీసినప్పుడు అది ఏ నీళ్లదో సీసా మీద రాయకపోతే ఆ నమూనాకు విలువ లేదు.

పార్నపల్లి దగ్గరి చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయర్‌దీ ఏటి మీది బతుకే. పైడిపాలెం జలాశయం మాత్రం గండికోట నుంచి ఎత్తిపోసిన నీళ్లతో నిండేది, కాబట్టి దానికి ముందే ఒక వడపోత జరిగిపోయింది. ఎత్తు, సామర్థ్యం దాదాపు సమానంగా ఉన్న రెండు స్థలాలు ముందుంటే, సొరంగం కాస్త పొడుగైనా సరే, నేను ఏటికి దూరంగా ఉన్నదాన్నే ఎంచుకుంటాను. యంత్రం మీద తర్వాత పెట్టే ఖర్చు ఆ అదనపు సొరంగాన్ని మించిపోవచ్చు.

అయితే ఏటికి దూరం కాబట్టి పూడికే ఉండదనుకోవడం పెద్ద పొరపాటు. మొదట నింపే నీళ్లతో కొంత వస్తుంది. ఆవిరైన దాని బదులు ఏటా పోసే నీళ్లతో కొంత. చుట్టూ కొండ వాలుల మీద వాన కోసుకొచ్చేది కొంత. ఒడ్డు జారి పడేది, ఎండాకాలం గాలి తెచ్చి పోసే దుమ్ము, అన్నిటికంటే ఎక్కువగా కట్టుబడి మిగిల్చే రాతిపొడి. ఆ చివరిదాని దగ్గరికి మళ్లీ వస్తాను.

రెండో పని: నీళ్లను వరదలో పట్టండి

ఉద్యోగంలో కొత్తగా ఉన్నప్పుడు ఒక ఎత్తిపోతల పథకంలో పంపు విప్పుతుంటే పక్కనే నిలబడి చూశాను. రెండు సీజన్లకే ఇంపెల్లర్ అంచులు రంపం పళ్లలా తయారయ్యాయి. డిజైన్ ఫైల్లో మాత్రం పూడిక చాలా తక్కువ అని రాసుంది. తవ్వి చూస్తే తేలింది: నమూనాలు నెలకొకసారి, పగటిపూట, దారి బాగున్న రోజున తీశారు. వరద వచ్చిన రాత్రులు సీసా పట్టుకుని ఏటి దగ్గర ఎవరూ లేరు. అప్పటి నుంచి సగటు అంకె మాత్రమే ఉన్న పూడిక నివేదికను నేను పక్కన పెట్టేస్తాను.

మన ఏళ్లలో ఏడాది మొత్తం మట్టిలో అధికభాగం నాలుగైదు వరదల్లోనే వస్తుంది. అందులోనూ వరద ఎక్కుతున్నప్పుడు నీళ్లు ఎక్కువ చిక్కగా ఉంటాయి, తీస్తున్నప్పుడు పలచబడతాయి. కాబట్టి వరద మొదలైన గంట నుంచి గంటకో సీసా, తీసేదాకా. ఒడ్డున ఒక్కచోట ముంచితే చాలదు. ప్రవాహం అడ్డంగా కొన్నిచోట్ల, పై నుంచి అడుగుదాకా కలిసొచ్చేలా తీయాలి. టర్బిడిటీ మీటరు పెట్టుకుంటే మంచిదే, కానీ అది చూపేది మసకను. బంకమట్టికి ఎక్కువ చూపిస్తుంది, ముతక ఇసుకకు తక్కువ. సీసాలతో సరిచూడకుండా దాని అంకెను బరువుగా మార్చకండి. ఏటి అడుగున దొర్లుకుంటూ వచ్చే ఇసుక ఏ సీసాలోకీ రాదు. దాన్ని విడిగా అంచనా వేయాలి.

ప్రయోగశాలను మూడు అడగండి: ఎంత, ఎంత సన్నం, ఏ రాయి. మన దేశంలో మామూలుగా 0.2 మిల్లీమీటర్లు దాటితే ముతక, 0.075 నుంచి 0.2 దాకా మధ్యరకం, అంతకంటే తక్కువైతే సన్నం అంటారు. మూడోదాన్ని చాలామంది అడగనే అడగరు. పలుగురాయి కాఠిన్యం మోస్ కొలతలో 7. రన్నర్ ఉక్కు అంతకంటే మెత్తన. సున్నపురాయి పొడి 3 దగ్గరే ఆగిపోతుంది, ఉక్కును పెద్దగా గీరలేదు. కడప నాపరాయి (అదీ సున్నపురాయే) నేలల మీద నుంచి వచ్చే ఒండ్రు, పలుగుతో నిండిన గండికోట క్వార్ట్‌జైట్ కొండల నుంచి రాలే పొడి తూకంలో ఒకటే అయినా యంత్రానికి ఒకటి కాదు. నంద్యాల నల్లరేగడి బంక నీళ్లను చాయ్‌లా మారుస్తుంది. చూస్తే భయం వేస్తుంది గానీ రన్నర్‌కు అది చేసే హాని తక్కువ. తేటగా కనిపించే నీళ్లలో అడుగున పోయే పలుగు ఇసుక చాలా ఎక్కువ చేస్తుంది. కంటిని నమ్మకండి.

మూడో పని: రెండు లెక్కలు వేయండి

ఒక టీఎంసీ అంటే 2.83 కోట్ల ఘనమీటర్లు. అంత నీళ్లను మొదటిసారి నింపినప్పుడు లీటరుకు 200 మిల్లీగ్రాముల మట్టి ఉందనుకుందాం. మొత్తం సుమారు 5,700 టన్నులు. అడుక్కి చేరి గట్టిపడితే ఐదు వేల ఘనమీటర్లు కూడా కాదు. జలాశయంలో అది పదివేలలో రెండు వంతులు కూడా లేదు. ఇక్కడితో లెక్క ఆపేసి "పూడిక సమస్య లేదు" అని రాసిన నివేదికలు చూశాను.

రెండో లెక్క వేయండి. అదే టీఎంసీ ఏడాదికి 300 రోజులు పైకీ కిందికీ తిరిగితే యంత్రాల్లోంచి పోయేది దాదాపు 1,700 కోట్ల ఘనమీటర్లు. నీళ్లలో లీటరుకు 50 మిల్లీగ్రాములే తేలుతున్నా రన్నర్లను రాసుకుంటూ పోయే మట్టి ఏడాదికి 8.5 లక్షల టన్నులు. ఉన్నది కొన్ని వేల టన్నులే, దాటేది లక్షల టన్నులు.

ఇందులో నిజంగా తిరిగేది ఏ సైజో తేల్చాలి. నిలకడ నీళ్లలో పది మీటర్లు దిగడానికి 0.05 మిల్లీమీటర్ల రేణువుకు గంటంబావు పడుతుంది. 0.01 మిల్లీమీటర్లదైతే ఒక రోజు దాటుతుంది. 0.002 మిల్లీమీటర్ల బంక రేణువుకు నెల పడుతుంది. పంపింగుకూ ఉత్పత్తికీ మధ్య దొరికే విరామం కొన్ని గంటలే. కాబట్టి ఇసుక దిగిపోతుంది, బంక ఎప్పటికీ తిరుగుతూనే ఉంటుంది, మధ్యలో ఉన్నదాని గతి మీ జలాశయం లోతును బట్టి, ఇన్‌టేక్ (సొరంగంలోకి నీళ్లు పోయే నోరు) ముందు మీరు రేపే సుడిని బట్టి ఉంటుంది. దిగిపోయిన ఇసుకను మళ్లీ లేపకుండా ఉండడమే డిజైన్‌లో అసలు పని.

నాలుగో పని: దిగువ జలాశయం ఎవరిదో మరిచిపోకండి

ఏటి మీద కొత్త డ్యామ్ కట్టుకుంటే అడుగు గేట్లు పెట్టుకుని, వరద రోజుల్లో మట్టం దించి మేటను తోసేయొచ్చు. జపాన్‌లో ఒకుయోషినో పంప్డ్ స్టోరేజి కేంద్రానికి దిగువ జలాశయమైన అసాహి డ్యామ్ దగ్గర 1998లో 2,350 మీటర్ల సొరంగం తవ్వి, వరద నీళ్లను మట్టితో సహా జలాశయానికి పక్కగా దాటించేస్తున్నారు. మంచి పద్ధతి. ఏటి మీద కొత్తగా కట్టేటప్పుడు పరిశీలించాల్సిందే.

గండికోట, చిత్రావతి లాంటివి సాగునీటి జలాశయాలు. అందులో ప్రతి టీఎంసీ రైతుది. మేట తోయడానికి జలాశయం ఖాళీ చేయమని మీరు అడగలేరు, అడగకూడదు కూడా. దిగువన మైలవరం జలాశయం ఉంది, ఆ మట్టి దాని నెత్తిన పడుతుంది. కాబట్టి "తోసివేత ఉండదు" అని అనుకునే డిజైన్ చేయండి. మేట ముందు ఎక్కడ పడుతుంది, ఇరవై ఐదేళ్లకు ఎక్కడిదాకా జరుగుతుంది, యాభై ఏళ్లకు మీ ఇన్‌టేక్ గుమ్మం దగ్గర అడుగు ఏ మట్టానికి లేస్తుంది? ఈ మూడింటికీ గీత గీసి చూపాలి. ఏరు జలాశయంలోకి దిగే చోటికి వీలైనంత దూరంగా, డ్యామ్‌కు దగ్గరగా, పక్క వంక ఏదీ కలవని ఒడ్డున ఇన్‌టేక్ పెట్టండి. వేసవిలో ఎండినట్టు కనిపించే చిన్న వంకను తీసిపారేయకండి. ఒక్క వానకు అది ఇన్‌టేక్ ముందు ఇసుక దిబ్బ పోసి వెళుతుంది.

సగటు ఏడాదితో పాటు చెడ్డ రోజునూ లెక్కలోకి తీసుకోండి. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు దిగువ ఊళ్ల పొలాల్లో ఇసుక మేటలు వేసింది. మనుషులు పోయారు, ఊళ్లు చెదిరాయి. అది చూసినవాళ్లెవరూ ఒక్క రోజులో ఏరు ఎంత మోయగలదో మళ్లీ తక్కువగా అంచనా వేయరు.

మే నెల మట్టం కూడా చూడండి. కాలువలకు నీళ్లు వదిలి వదిలి జలాశయం అడుగంటినప్పుడు మీ యంత్రాలు అదే నీళ్లను లాగుతుంటాయి. ఉదాహరణకు 250 మీటర్ల ఎత్తు మీద వెయ్యి మెగావాట్లకు సెకనుకు సుమారు 450 ఘనమీటర్లు కావాలి. ఇన్‌టేక్ ముందు కాలువ వంద మీటర్ల వెడల్పుండి, 20 మీటర్ల లోతు నీళ్లుంటే వేగం సెకనుకు 0.23 మీటర్లు, ఇసుక దాదాపు కదలదు. లోతు ఐదు మీటర్లకు పడితే 0.9 మీటర్లు, అడుగున ఉన్నదంతా లేస్తుంది. ఏ మట్టం కిందికి పంపింగ్ ఆపాలో ఈ లెక్కతో తేల్చి ఒప్పందంలోనే రాయించుకోవాలి.

ఐదో పని: ఇన్‌టేక్ నోరు

ఇక్కడ నీళ్లు లోపలికీ పోతాయి, బయటికీ వస్తాయి. లోపలికి లాగేటప్పుడు వేగం అన్ని వైపుల నుంచీ మెల్లగా పెరుగుతుంది. బయటికి తోసేటప్పుడు గొట్టంలోంచి వచ్చే ధారలా దూరందాకా పోయి అడుగును గీరుతుంది. చాలా డిజైన్లు లోపలికి పోయే దిశనే చూసి ఆగిపోతాయి. నోటిని మెల్లగా విప్పార్చి, ట్రాష్‌ర్యాక్ (చెత్తను ఆపే కడ్డీల జల్లెడ) దగ్గర వేగం సెకనుకు మీటరు దాటకుండా, ధార ఒక పక్కకు ఒరగకుండా రెండు దిశల్లోనూ నమూనా పరీక్ష చేయించండి. గుమ్మాన్ని చుట్టూ అడుగు కంటే కొన్ని మీటర్లు ఎత్తులో పెట్టి, దాని ముందు ఒక గుంత వదలండి. గుంత ఇసుకను పడుతుంది. ధార తగిలే మేర కాంక్రీటు పరుపు వేయండి. ఆ గుంతలోకి పూడిక తోడే డ్రెడ్జర్ దింపే దారి కూడా డ్రాయింగ్‌లో ఉండాలి. దారి లేని గుంత మూడేళ్లకే నిండిపోతుంది.

ఆరో పని: ఎగువ జలాశయం

కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం ఒకటుంది. చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో చెక్కారు. లోతైన గర్భం అంగాల్లో ఒకటి. కట్ట కారడం, చౌడు నేల, చెరువు నడుమ మెట్ట ఉండడం దోషాల్లో కొన్ని. ఎగువ జలాశయం డ్రాయింగ్ ముందు పెట్టుకున్నప్పుడల్లా నాకు ఆ జాబితా గుర్తొస్తుంది. నడుమ మెట్ట వదిలితే నీటిమట్టం దిగినప్పుడల్లా అలలు దాన్ని కోసి మట్టిని ఇన్‌టేక్ వైపు తోస్తాయి. అడుగు మొత్తం ఒక పక్కకు వాలి ఉండాలి. ఆ వాలు ఇన్‌టేక్‌కు ఎదురుదిశలో ఉన్న లోతట్టు దగ్గర ముగియాలి. పూడిక అక్కడ చేరుతుంది, అక్కడే అడుగు తూము పెట్టుకోవచ్చు.

మన ఊరి చెరువు నెలల తరబడి తీస్తుంది. ఈ జలాశయం ఆరేడు గంటల్లో ఇరవై మీటర్లు దిగిపోగలదు, అంటే గంటకు మూడు మీటర్లు. ఒడ్డులో ఊరిన నీళ్లు బయటికి రావడానికి వ్యవధి చాలదు, లోపలి ఒత్తిడికి మట్టి జారుతుంది. నల్లరేగడి, పలకలుగా విడిపోయే మెత్తటి షేల్ రాయి ఉన్న ఒడ్డును ఊరికే వదలకండి. తీసేయండి, లేదా రాతికట్టుతో, తారు కాంక్రీటుతో కప్పండి. చుట్టూ కొండవాలు నీళ్లు లోపలికి దిగకుండా మాలలాగా కాలువ తవ్వి పక్క వంకలోకి మళ్లించండి. వజ్రకరూరులాంటి ఊళ్లలో వాన పడగానే చేల మీద గులకరాళ్లు ఎలా బయటపడతాయో చూసినవాళ్లకు ఈ నేల ఎంత సులువుగా కొట్టుకుపోతుందో చెప్పనక్కర్లేదు.

ఏడో పని: కట్టుబడి చెత్త, తొలి నీళ్లు

పూడిక పుస్తకాలన్నీ నది గురించి మాట్లాడతాయి. ఏటికి దూరంగా కట్టిన కేంద్రంలో తొలి ఏడాది యంత్రాన్ని తినేది ఏరు మోసుకొచ్చిన మట్టి కాదు, సొరంగంలో మీరే వదిలిన పొడి. పేలుడుకు విరిగిన క్వార్ట్‌జైట్ ముక్కకు అన్నీ పదునైన అంచులే. ఏటి ఇసుకకు ఉండే గుండ్రతనం దానికి లేదు. షాట్‌క్రీట్ (సొరంగం గోడ మీద చిమ్మిన కాంక్రీటు) నుంచి రాలిన పెచ్చులు, వెల్డింగ్ మసి, మరిచిపోయిన బోల్టులు కూడా దాంతో కలుస్తాయి.

సొరంగం అడుగును చీపుళ్లతో, తర్వాత ఒత్తిడి నీళ్లతో కడిగించండి. కడిగిన నీళ్లను కిందికి వదలకుండా తోడి బయట పోయించండి. ఉక్కు గొట్టం మొదలయ్యేచోటికి ముందు రాళ్ల గుంత తప్పనిసరి. మామూలు కేంద్రంలో అందులో పడ్డది పడ్డట్టే ఉంటుంది. ఇక్కడ ప్రవాహం తిరగబడగానే మళ్లీ లేవొచ్చు. కాబట్టి తొలి నెలల్లోనే ఒకటి రెండుసార్లు సొరంగం ఖాళీ చేసి గుంత శుభ్రం చేసే రోజులను షెడ్యూల్‌లో పెట్టండి. యాజమాన్యం ఒత్తిడి చేస్తుంది, రోజుకు ఇంత ఆదాయం పోతోందని. పట్టు వదలకండి.

తొలి నింపుడుకు సమయం ఎంచుకోవడం డబ్బు ఖర్చు లేని మందు. కృష్ణకు, తుంగభద్రకు కొత్తనీళ్లు వచ్చే జూలై, ఆగస్టుల్లో కాలువ ఎర్రగా ఉంటుంది. ఆ తొలి వారాలు వదిలేసి, నీళ్లు తేటపడ్డాక తీసుకుంటే లోపలికి వచ్చే మట్టి చాలా తగ్గుతుంది. ఏటా ఆవిరి పోయినంత మళ్లీ పోసేటప్పుడూ అదే నియమం.

ఎనిమిదో పని: యంత్రం

అరుగుదలను అంచనా వేయడానికి ఐఈసీ 62364 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. అందులో వేగానికి ఘాతం 3.4. నీటి వేగం పది శాతం పెరిగితే అరుగుదల 38 శాతం పెరుగుతుంది. జలాశయాల మధ్య ఎత్తు 200 మీటర్ల నుంచి 400కు పోతే వేగం 1.4 రెట్లే, అరుగుదల మాత్రం మూడు రెట్లు దాటుతుంది. ఎత్తు ఎక్కువైతే సొరంగం చిన్నదవుతుంది, ఖర్చు తగ్గుతుంది అని సంబరపడే ముందు ఈ అంకెను పక్కన పెట్టుకుని చూడండి.

గైడ్ వేన్లకూ (నీళ్లను రన్నర్ వైపు మళ్లించే రెక్కలు) కవర్‌కూ మధ్య సందు, రన్నర్ చుట్టూ ఉండే సీలింగ్ రింగులు, రన్నర్ అంచులు ముందు అరుగుతాయి. 13 శాతం క్రోమియం, 4 శాతం నికెల్ ఉన్న ఉక్కు మామూలుగా వాడతారు. పలుగు ఎక్కువైతే ఈ చోట్ల టంగ్‌స్టన్ కార్బైడ్ పూత వేయించుకోవాలి. యంత్రాన్ని దిగువ నీటిమట్టానికి తగినంత కింద పెట్టకపోతే ఒత్తిడి తగ్గి నీళ్లలో పుట్టి పగిలే బుడగల దెబ్బ కూడా తోడవుతుంది. గుంత పడ్డ ఉక్కు మీద ఇసుక ఇంకా వేగంగా పని చేస్తుంది. మొత్తం జనరేటర్ విప్పకుండా రన్నర్‌ను బయటికి తీసే ఏర్పాటు ముందే అడగండి. తర్వాత అడిగితే వీలుకాదు.

రన్నర్‌ను ఏమీ చేయని సన్న బంక, యంత్రాన్ని చల్లబరిచే నీళ్ల గొట్టాల్లో చేరి బేరింగులను వేడెక్కిస్తుంది. షాఫ్ట్ సీలుకు పోయే నీళ్లను ముందు గిర్రున తిప్పి మట్టిని వేరుచేసే సైక్లోన్ సెపరేటర్‌తో, తర్వాత ఫిల్టర్‌తో శుభ్రం చేయాలి. చల్లబరిచే నీళ్లకు విడిగా మూసిన చుట్టు పెట్టుకుంటే ఈ తలనొప్పి చాలావరకు పోతుంది.

తొమ్మిదో పని: నడిపేటప్పుడు

నీళ్లు నింపకముందే జలాశయం అడుగు సర్వే చేసి దాచండి. తర్వాతి సర్వేలన్నీ దానితోనే పోల్చాలి. రెండు ఇన్‌టేక్‌ల దగ్గరా మసక కొలిచే పరికరం పెట్టి, ఏ అంకె దాటితే పంపింగ్ ఆపాలో గోడ మీద రాసి ఉంచండి. ఏటి మీది జలాశయమైతే వరద రెండు రోజులు యంత్రాన్ని ఆపడం నష్టం కాదు. సీలింగ్ రింగుల సందును ప్రతి ఏటా కొలిచి, ఆ ఏడాది మసక రికార్డు పక్కనే రాయండి. మూడేళ్లకు మీ కేంద్రానికే చెందిన అరుగుదల సూత్రం చేతికొస్తుంది.

తీసిన పూడిక ఎక్కడికి పోవాలన్నది కూడా డిజైన్ ప్రశ్నే. చెరువుమట్టి చేలకు తోలుకోవడం మన రైతులకు కొత్త కాదు. అనంతపురం ఎర్రనేలలకు సన్న ఒండ్రు చేవనిస్తుంది. ముందు ఉప్పు, నూనె, సిమెంటు శాతం పరీక్ష చేయించండి. తొలి ఏడాది తీసింది చేలకు ఇవ్వకండి, రోడ్డు నింపుడుకు వాడండి. ఇంకో చిక్కుంది. రైతుకు మట్టి కావాల్సింది వేసవిలో, వేరుశనగ విత్తడానికి ముందు. వేసవిలో కరెంటుకు గిరాకీ ఎక్కువ కాబట్టి కేంద్రాన్ని అప్పుడు ఆపరు, వానలప్పుడో చలికాలంలోనో ఆపి పూడిక తీస్తారు. తడి బురద ట్రాక్టరులో నిలవదు. అందుకని ఆరబెట్టే కళ్లం కావాలి. ఐదు వేల ఘనమీటర్ల బురదను అర మీటరు మందాన పరిస్తే రెండున్నర ఎకరాలు. చుట్టూ చిన్న గట్టు, ట్రాక్టరు వచ్చిపోయే బాట, వాననీళ్లు తిరిగి జలాశయంలోకి పారని వాలు. ఆ ఎకరాలను భూసేకరణ పటంలోనే ఎరుపు గీతతో చూపించండి.